మూడవ తరపు చుంచెలుక: మందు ప్రభావం వంశానికి దిగుతుందా?

పాడిని చూచి బర్రెను, తల్లిని చూచి పిల్లను తెచ్చుకోవాలని తెలుగునాట సామెత. కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతమని చిరకాలంగా పేరుపడి, 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు గ్రామాలలో కూడ పెళ్లిమాటలు నడిచేటప్పుడు ఈ సామెత పైకి అనకపోయినా మనసులో మెదులుతూనే ఉంటుంది. ఆ వంశంలో మూర్ఛలున్నాయట, ఆ ఇంటి పిల్లవాడికి అయిదేళ్లు వచ్చినా మాట రాలేదట అని ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. అంతటితో సంబంధం వెనక్కు పోతుంది. చట్టం సైతం కొంతకాలం ఈ భయానికి లొంగినది. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ, మాటిమాటికి మూర్ఛ వచ్చేవారిని వివాహానికి అర్హత లేనివారి వరుసలో చేర్చినది. ఆ మాటను 1999లో గాని తొలగించలేదు. కనుక “వంశానికి సంక్రమిస్తుంది” అన్న మాట ఏ దూరదేశపు ప్రయోగశాలలో పుట్టినా, ఊరిలోకి వచ్చేసరికి దాని బరువు వేరుగా ఉంటుంది. ఆ మాటను వాడే పరిశోధనను తక్కిన పరిశోధనలకంటె కాస్త గట్టిగానే పరీక్షించాలి.

అటువంటి పరిశోధన ఒకటి 2016లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ అనే పత్రికలో వెలువడినది. దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు వాల్‌ప్రోయేట్ అనే మందును చూలుతో ఉన్న చుంచెలుకలకు ఇచ్చినారు. పుట్టిన పిల్లలు తోటి ఎలుకల దగ్గరకు చేరడం తగ్గినది. గోలీలను పొట్టులో పూడ్చడం పెరిగినది. వాటికి మూర్ఛలు త్వరగా వచ్చినవి. ఆ పిల్లలలో మగవాటిని మందు ఎరుగని ఆడ ఎలుకలతో జతకూర్చి రెండవ తరాన్ని, అదే విధంగా మూడవ తరాన్ని పుట్టించినారు. మొదటి తరంలో కనిపించిన నడవడి మూడవ తరంలోను కనిపించినదని, ఇది జన్యువుల అక్షరాలు మారకుండానే వాటిపై పడిన గుర్తుల ద్వారా దిగే వారసత్వమని వారు సూచించినారు. అంతటితో ఆగక, లోకంలో ఆటిజం లెక్కలు అపూర్వంగా పెరగడానికి కారణాన్ని విప్పడానికి ఈ పరిశోధన తోడ్పడగలదని సారాంశపు చివరి వాక్యంలో చేర్చినారు. విమర్శకు పని కల్పించేది ముఖ్యంగా ఆ చివరి వాక్యమే.

వాల్‌ప్రోయేట్ పేరు పాఠకులలో చాలమందికి కొత్త కాకపోవచ్చు. మూర్ఛరోగానికి వాడే ముఖ్యమైన మందులలో అది ఒకటి, మన దేశపు అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉన్నది. ఉన్మాదానికి, పార్శ్వపు తలనొప్పికి కూడ వైద్యులు దానిని వాడతారు. ఆ ఆమ్లాన్ని 1882లోనే తయారుచేసినా ఎనభై ఏళ్లపాటు అది ఇతర పదార్థాలను కరిగించే ద్రవంగానే ప్రయోగశాలలలో పడి ఉన్నది. 1960ల ఆరంభంలో ఫ్రాన్సులో వేరే పదార్థాలను పరీక్షిస్తూ వాటిని ఇందులో కరిగించి జంతువులకు ఇచ్చినప్పుడు, ఏ పదార్థం కరిగించినా మూర్ఛ తగ్గుతూ వచ్చినది. పని చేస్తున్నది కరిగిన వస్తువు కాదు, కరిగించిన ద్రవమని అప్పుడు తెలిసినది. 1967లో ఫ్రాన్సులో అది మందుగా అమ్మకానికి వచ్చినది.

మేలు చేసే ఈ మందు గర్భస్థ శిశువుకు కీడు చేయగలదని 1980ల ఆరంభంలో ఫ్రాన్సు నుండే హెచ్చరిక వచ్చినది. వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టిన శిశువుల తల్లులలో ఈ మందు వాడినవారు ఉండవలసిన దానికంటె ఎక్కువగా కనిపించినారు. తరువాతి పరిశోధనలు మెదడు ఎదుగుదల వైపు చూపు తిప్పినవి. డెన్మార్కులో 1996 నుండి 2006 వరకు పుట్టిన 6,55,615 మంది పిల్లల వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించిన లెక్కల ప్రకారం, గర్భంలో ఉండగా వాల్‌ప్రోయేట్ సోకిన 508 మందిలో ఆటిజం కోవకు చెందిన స్థితులు నూటికి సుమారు 4.4 వంతున, మొత్తం పిల్లలలో నూటికి సుమారు 1.5 వంతున తేలినవి. దాదాపు మూడు రెట్లు. ఈ మందు సోకిన నూరుగురు పిల్లలలో తొంభైఅయిదు మందికి ఆటిజం లేదని కూడ అదే లెక్క చెబుతున్నది. అయితే బుద్ధిశక్తిపై ప్రభావం, అవయవలోపాలు వేరుగా ఉన్నవి. యూరప్ ఔషధసంస్థ చెప్పిన ప్రకారం ఈ మందు సోకిన శిశువులలో పుట్టుకతో వచ్చే అవయవలోపాలు నూటికి పది పదకొండు మందిలో, ఎదుగుదల చిక్కులు నూటికి ముప్ఫై నలభై మందిలో ఉండవచ్చు.

ఇంతవరకు ఉన్నది మనుష్యులలో చూచి తేల్చిన విషయం. ఇందులో వాదానికి చోటు తక్కువ. తల్లి మింగిన మందు బిడ్డకు సోకినది, బిడ్డ ఎదుగుదల దెబ్బతిన్నది. ఇది వంశలక్షణం కాదు. తల్లి వేరొక మందు మీద ఉండి ఉంటే ఆ బిడ్డకు ఈ ముప్పు లేదు.

చుంచెలుకల కథ వేరొక దారిన వచ్చినది. 1994లో స్వీడన్‌లో థాలిడోమైడ్ అనే మందువల్ల అంగవైకల్యం కలిగిన నూరుగురిని పరీక్షించగా, వారిలో కనీసం నలుగురికి ఆటిజం కనిపించినది. వారందరికీ గర్భధారణ జరిగిన 20 నుండి 24 రోజుల మధ్య మందు సోకినదని చెవుల లోపాన్నిబట్టి గుర్తించగలిగినారు. మెదడు నాళం మూసుకొనే ఆ రోజులలోనే ఏదో జరుగుతున్నదని భావించి, 1996లో అమెరికాలో పాట్రిషియా రోడియర్ బృందం అదే దశలో ఉన్న ఎలుక పిండాలకు వాల్‌ప్రోయేట్ సోకించి మెదడు కాండంలోని మార్పులను చూపినది. అదొక చక్కని ఊహ, చక్కని ప్రయోగం. తరువాత ఎన్నో ప్రయోగశాలలు ఆ పద్ధతిని పట్టుకొన్నవి. చూలు ఎలుకలకు కిలో బరువుకు 400 నుండి 600 మిల్లీగ్రాముల మందును ఒకేసారి పొడవడం మామూలైపోయినది. యాభై కిలోల స్త్రీ రోజుకు ఒక గ్రాము మందు వాడితే కిలోకు 20 మిల్లీగ్రాములే పడుతుంది. ఎలుక శరీరం మందును త్వరగా ఖర్చు చేస్తుంది కనుక ఈ రెండంకెలను సూటిగా పోల్చరాదు. అయినా నెలల తరబడి కొద్దికొద్దిగా వేసుకొనే మాత్రకు, ఒక్క పెట్టున పడే మోతాదుకు ఉన్న తేడాను మరచిపోవడమూ సరికాదు.

ఇక నడవడి సంగతి. ఎలుకను మూడు గదుల పెట్టెలో వదలి, తోటి ఎలుక ఉన్న గదిలో ఎంతసేపు గడిపినదో, ఖాళీ పంజరం ఉన్న గదిలో ఎంతసేపు గడిపినదో గడియారంతో కొలుస్తారు. మనిషిలో ఆటిజాన్ని వైద్యుడు గుర్తించేది మాట, చూపు, ఆట, ఇతరుల మనసు గ్రహించే తీరు వంటి వాటినిబట్టి. ఎలుకకు మాట లేదు. గోలీలు పూడ్చడం ఎలుక జాతికి సహజమైన తవ్వకమే. పైగా కొరియా పరిశోధనలో ఆ పిల్లలకు భయం తగ్గినదని ఉన్నది. ఆటిజం ఉన్న పిల్లలలో తరచుగా కనిపించేది భయం, ఆందోళన. పోలిన లక్షణాలను ఏరుకొని, పోలని దానిని పక్కన పెడితే పోలిక కుదరక ఏమవుతుంది? ఆ పరిశోధకులు “ఆటిజం వంటి” అని జాగ్రత్తగానే వ్రాసినారు. పత్రికావార్తగా మారేసరికి “వంటి” అన్న మాట రాలిపోతుంది.

పరీక్షించేవారి కంటికి సంబంధించిన చిక్కు ఒకటి ఉన్నది, ఇది చెప్పుకొన్నవారు తక్కువ. వాల్‌ప్రోయేట్ సోకి పుట్టిన ఎలుక పిల్లలకు తరచుగా తోక వంకర తిరిగి ఉంటుంది. ఏది మందు పడిన పిల్ల, ఏది కాదు అన్నది చూచేవారికి తెలియకూడదని నియమం. తోకే ఆ గుట్టు బయటపెడుతుంటే ఆ నియమం కాగితం మీదనే ఉంటుంది. కెమేరాతో, యంత్రంతో కొలిచినప్పుడు ఈ దోషం తగ్గుతుంది.

అన్నిటికంటె పెద్ద లోపం లెక్కలో ఉన్నది. దీనిని ఉన్నతపాఠశాలలోని ఉదాహరణతో చూడవచ్చు. నందిగామలో ఒక పదవ తరగతికి గణితాన్ని కొత్త పద్ధతిలోను, జగ్గయ్యపేటలో ఒక పదవ తరగతికి పాత పద్ధతిలోను బోధించినారనుకొందాం. ఒక్కొక్క తరగతిలో యాభైమంది. పరీక్షలో నందిగామ పిల్లలకు సగటున పది మార్కులు ఎక్కువ వచ్చినవి. ఇటు యాభై, అటు యాభై, మొత్తం నూరుగురిమీద చేసిన ప్రయోగమని, కొత్త పద్ధతి గెలిచినదని ప్రకటించవచ్చునా? ఏ ఉపాధ్యాయుడైనా నవ్వుతాడు. నందిగామలోని మాస్టారు మంచివారు కావచ్చు. జగ్గయ్యపేట తరగతికి ఆ ఏడాది మాస్టారే ఆలస్యంగా వచ్చి ఉండవచ్చు. ఒక బడి పిల్లలు ట్యూషన్లకు పోయి ఉండవచ్చు. ఒక తరగతిలోని యాభైమంది ఒకే గురువు, ఒకే గది, ఒకే పాఠం పంచుకొన్నవారు. పద్ధతిని ఇచ్చినది తరగతికి, పిల్లవాడికి కాదు. కాబట్టి అక్కడ జరిగినది ఒకటికి ఒకటిగా చేసిన ప్రయోగం. పది బడులలో కొత్త పద్ధతి, పది బడులలో పాత పద్ధతి, ఏ బడికి ఏదో చీటీలు వేసి తేల్చుకొంటే, అప్పుడు దానిని ప్రయోగమనవచ్చు.

ఎలుకల విషయంలో తరగతి స్థానంలో ఉన్నది ఈత. ఒక తల్లికి ఒక ఈతలో పది పిల్లలు పుడతాయి. అవి ఒకే గర్భంలో పెరిగి, ఒకే తల్లి పాలు త్రాగి, ఒకే గూటిలో ఉన్నవి. మందు పొడిచినది తల్లికి. నలుగురు తల్లులకు మందు, నలుగురికి ఉప్పునీరు ఇచ్చి, ఇటు నలభై, అటు నలభై పిల్లలను పరీక్షించి ఎనభై ఎలుకల ప్రయోగమని వ్రాస్తే, నందిగామ జగ్గయ్యపేటల తప్పే మళ్లీ చేసినట్లు. ఎంత తప్పో అంకెలలో చూడవచ్చు. ఎలుకల మధ్య కనిపించే తేడాలలో సగం ఈతల మధ్య తేడాయే అనుకొందాం. ఒక ఈతలో పది పిల్లలున్నప్పుడు, తొమ్మిదిని సగంతో గుణించి ఒకటి కలిపితే అయిదున్నర వస్తుంది. నలభైని ఆ అయిదున్నరతో భాగిస్తే ఏడు. నలభై పిల్లలు ఇచ్చే సమాచారం విలువ ఏడు పిల్లలదేనన్న మాట. మిగిలిన ముప్ఫైమూడు నోటిలెక్కకు మాత్రమే పనికివస్తాయి.

ఇది ఊహించి చెబుతున్న ఆరోపణ కాదు. లాజిక్, ఎస్సియూ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2013లో వాల్‌ప్రోయేట్ ఎలుకల పరిశోధనలను 34 తీసి చూచినారు. వాటిలో ఈతను సరిగా లెక్కకు తీసుకొన్నవి మూడు మాత్రమే. ఏ తల్లికి మందు, ఏ తల్లికి ఉప్పునీరు అన్నది యాదృచ్ఛికంగా ఎంచినట్లు చెప్పినవి నాలుగు. ముప్ఫైనాలుగింటిలో మూడు! ఏ బడిలోనైనా ఇన్ని జవాబుపత్రాలలో ఒకే తప్పు వస్తే, తప్పు పిల్లలది కాదు, పాఠానిదని మాస్టారు గ్రహిస్తారు. జీవశాస్త్రజ్ఞులకు గణాంకశాస్త్రం చివరి రోజున నేర్పి పంపుతున్నారేమో.

మూడవ తరానికి వచ్చేసరికి ఈ చిక్కు ఇంకా ముడిపడుతుంది. మునిమనుమలు ఎనభైమంది ఉండవచ్చు. వారి తాతలు, అంటే మందు సోకిన మగపిల్లలు, పది మంది ఉండవచ్చు. ఆ పదిమంది ముగ్గురు తల్లుల కడుపున పుట్టి ఉంటే, మందు నిజంగా పడినది ముగ్గురు తాతమ్మలకు. మందు ఇచ్చినది ఎవరికో ప్రయోగపు లెక్క అక్కడ మొదలుకావాలి. మునిమనుమల సంఖ్య ఎంత పెరిగినా ఆ మూడు నాలుగు కాదు. వారసత్వ పరిశోధన ఏది చదివినా మొదట వెదకవలసినది తాతమ్మల సంఖ్యను. కొరియా వ్యాసపు సారాంశంలో ఆ సంఖ్య కనిపించదు.

వారు చేసిన మంచి పనిని కూడ చెప్పడం న్యాయం. మూడవ తరం దాకా పోవడం ఊరికే చేసిన శ్రమ కాదు. చూలుతల్లికి మందు ఇచ్చినప్పుడు అది తల్లికి, లోపలి బిడ్డకు తగులుతుంది. ఆ బిడ్డ శరీరంలో అప్పటికే ఏర్పడుతున్న బీజకణాలకు కూడ తగులుతుంది. ఆ బీజకణాలే మునుముందు మనుమలు. కనుక మనుమడిలో దోషం కనిపిస్తే అది వారసత్వం కానక్కర లేదు; మనుమడికి కూడ బీజరూపంలో మందు సూటిగా సోకినది. మందును ఏ రూపంలోను ఎరుగని మొదటివాడు మునిమనుమడు. అతనిలో కనిపిస్తేనే “వంశం” అన్న మాట ఎత్తాలి. తండ్రుల వైపు నుండి వంశాన్ని నడపడం కూడ తెలివైన ఏర్పాటు. తల్లివైపు నడిపితే గర్భం, పాలు, పెంపకం అన్నీ కలగలిసిపోతాయి. తండ్రి ఎలుక ఇచ్చేది ప్రధానంగా వీర్యకణమే.

ప్రధానంగా అన్నామే గాని పూర్తిగా అనలేము. మందకొడిగా ఉన్న మగవానితో జతకూడిన ఆడ ఎలుక పిల్లలను పెంచే తీరులో మార్పు రావచ్చు. ఆ మార్పు పిల్లల నడవడిని మార్చవచ్చు. ఇంకొకటి: ఇంత పెద్ద మోతాదు పడినప్పుడు కొన్ని పిండాలు కడుపులోనే నశిస్తాయి. జన్యుభేదాలు ఎక్కువగా ఉండే ఎలుక జాతులలో, బ్రతికినవి నశించినవాటికంటె మొదటి నుండి వేరు స్వభావం కలవి కావచ్చు. అప్పుడు మునిమనుమలకు దిగినది మందు వేసిన గుర్తు కాదు, మందు చేసిన ఏరివేత. మెట్టరైతు తెగులు తట్టుకొన్న మిరపమొక్కల నుండి విత్తనం కట్టుకొంటే తరువాతి పంట మారుతుంది. తెగులు విత్తనంలో ఏమీ వ్రాయలేదు గదా!

గుర్తులు ఉండగలవా అన్న ప్రశ్నకు ఆధారం లేకపోలేదు. మన కణాలలో జన్యుపదార్థం హిస్టోనులనే ప్రోటీన్ల చుట్టూ దారం ఉండకు చుట్టినట్లు చుట్టుకొని ఉంటుంది. ఆ హిస్టోనులపై ఎసిటైల్ గుర్తులు ఉన్న చోట చుట్ట సడలి జన్యువు పనిచేస్తుంది. ఆ గుర్తులను తుడిచివేసే ఎంజైములను వాల్‌ప్రోయేట్ అడ్డగిస్తుందని 2001లో తేలినది. కాబట్టి మందు గుర్తులను మార్చగలదు. అయితే క్షీరదాలలో ఇటువంటి గుర్తులు ప్రతి తరంలోను రెండుసార్లు, బీజకణాలు ఏర్పడేటప్పుడు ఒకసారి, ఫలదీకరణం జరిగిన వెంటనే మరొకసారి, చాలవరకు చెరిగిపోతాయి. పలకమీద తడిగుడ్డ పెట్టినట్లే. కొన్ని చోట్ల అక్షరాలు మిగులుతాయి. వాల్‌ప్రోయేట్ మార్చిన గుర్తు ఆ మిగిలినవాటిలో ఉన్నదని చూపాలంటే, మూడు తరాల మగ ఎలుకల వీర్యకణాలలోను అదే చోట అదే గుర్తును పట్టి చూపాలి. కొరియా పరిశోధన సారాంశంలో కనిపించేవి నడవడి, మొదటి మూడవ తరాల మెదడు ముందుభాగంలో నాడీసంధుల పదార్థాల పాళ్లు. ఇవి ఫలితాలు. దారి ఇంకా కనబడలేదు.

ఆటిజం లెక్కలు పెరగడానికి దీనిని కారణంగా చూపడం మరీ సాహసం. వైద్యులు గుర్తించే పద్ధతి మారినది, నిర్వచనం విశాలమైనది, తల్లిదండ్రులకు తెలివిడి వచ్చినది. వాల్‌ప్రోయేట్ వాడిన గర్భవతులు ఏ దేశంలోనైనా కొద్దిమందే. డెన్మార్కు లెక్కలోనే ఆరున్నర లక్షలలో 508. ఇంత చిన్న పాయ ఎంత పెద్ద వరదను తేగలదు?

మనుష్యులలో తండ్రి వైపు సంగతి ఇటీవల కొంత పరిశీలనకు వచ్చినది. ఉత్తర యూరప్ దేశాల రికార్డులనుబట్టి, గర్భధారణకు ముందు మూడు నెలలలో తండ్రి వాల్‌ప్రోయేట్ వాడిన పిల్లలలో నూటికి సుమారు అయిదుగురికి, వేరే మందులు వాడిన తండ్రుల పిల్లలలో నూటికి సుమారు ముగ్గురికి ఎదుగుదల చిక్కులు ఉన్నవని, 2024 జనవరిలో యూరప్ ఔషధసంస్థ ముందుజాగ్రత్తలు సూచించినది. అదే సంవత్సరం డెన్మార్కు రికార్డులపై వేరుగా చేసిన పరిశోధనలో అటువంటి సంబంధం కనబడలేదు. విషయం తేలలేదు.

ఆటిజం విషయంలో తప్పు తల్లి మీద వేయడం కొత్త కాదు. 1950, 60లలో పెద్దపెద్ద వైద్యులే తల్లి ప్రేమ చల్లబడినందువల్ల బిడ్డ ఇలా అయినాడని వ్రాసినారు. 1977లో కవలలపై జరిగిన పరిశోధన ఆ మాటను కదిలించినది. ఒకే రూపపు కవలలు పదకొండు జంటలలో నాలుగు జంటలకు ఇద్దరిలోను ఆటిజం ఉండగా, వేరు రూపపు కవలలు పది జంటలలో ఒక్కటీ అలా లేదు. చల్లని తల్లి పోయినది. ఇప్పుడు ఆమె స్థానంలో మందు మింగిన తల్లిని, ఆమె వెనుక మందు మింగిన తాతమ్మను నిలబెట్టే ముందు ఎలుకల లెక్క సరిచూచుకోవడం కనీస మర్యాద.

ఈ వార్త సగం విని మూర్ఛమందు మానివేసే గర్భవతికి కలిగే ప్రమాదం మూడవ తరంలో ఉండదు, ఆ వారంలోనే ఉంటుంది. మందు హఠాత్తుగా ఆపితే మూర్ఛలు ఒకదానివెంట ఒకటి ఆగకుండా వచ్చి తల్లీబిడ్డల ప్రాణానికే ముప్పు రావచ్చు. మందు మార్చవలసినది గర్భం రాకముందు, వైద్యుని చేతిమీదుగా. గర్భానికి ముందునుండి ఫోలిక్ ఆమ్లం వేసుకోవలసిందిగా వైద్యులు చెబుతారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో కృత్రిమంగా తయారైన ఆమ్లమే అది. వెన్నెముక లోపాలను తగ్గించడంలో దాని మేలు సాధారణ స్త్రీల విషయంలో రుజువైనది. వాల్‌ప్రోయేట్ తెచ్చే ముప్పునంతటినీ అది తీసివేస్తుందని రుజువు లేదు.

మూడవ తరపు ప్రశ్నను తేల్చే ప్రయోగం ఎలా ఉండాలో చెప్పడం కష్టం కాదు. కనీసం ఇరవైమంది తాతమ్మలు, ఎవరికి ఏదో చీటీలు వేసి నిర్ణయించినది. ప్రతి తరంలోను వీర్యాన్ని తీసి గాజుపాత్రలో ఫలదీకరించి, మందు ఎరుగని వేరే ఆడ ఎలుకల గర్భంలో ఉంచి పెంచినది. నడవడిని యంత్రం కొలిచినది. లెక్క తాతమ్మకు ఒకటిగా వేసినది. ఖర్చు ఎక్కువ, సంవత్సరాలు పడుతుంది. మనుష్యులలో ప్రయోగం చేయనక్కర లేదు, కాలమే చేస్తున్నది. డెన్మార్కు లెక్కలో 1996లో పుట్టిన పిల్లలకు ఇప్పుడు ముప్ఫై ఏళ్లు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ 1998లో మొదలుపెట్టిన మూర్ఛ, గర్భధారణ రిజిస్టరులోని తొలి శిశువులు కూడ పెళ్లీడుకు వచ్చినారు. వారికి పుట్టే పిల్లల పేర్లు ఆ పుస్తకాలలోకి ఎక్కితే, మనుమల తరం గురించి మనుష్యుల నుండే జవాబు వస్తుంది.